దీపానికి మొక్కుకున్న చీర

ఖతార్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, "బంగారం ఎంత తెచ్చావు?" రెండో మాట, "దుబాయ్‌లో ఎండలు మండిపోతున్నాయటగా?" వాళ్ళ లెక్కలో గల్ఫ్ మొత్తం దుబాయే. నేను వెళ్ళింది దోహాకని, అదీ శాలువా కప్పుకుని తిరగాల్సిన చలికాలంలోనని, ఖర్జూరాలు తప్ప పసిడి ముక్క కూడా తేలేదని చెబితే ఒక్కరూ నమ్మలేదు. అద్దాల మేడల గురించి, మెట్రో రైలు గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆ దేశం ఉత్తరపు కొసన, సముద్రం మధ్యలో తుప్పు పట్టి నిలబడ్డ ఒక దీపస్తంభం గురించి చెబుతాను. దాని దగ్గరకు నన్ను తీసుకువెళ్ళింది ఏ టూరిస్టు కంపెనీ కాదు. విమానంలో నా పక్కన కూర్చున్న మనిషి.

పక్క సీటు

ఆవిడ పేరు నూకరత్నం. మాది కాకినాడ, వాళ్ళది ఉప్పాడ దగ్గర చేపలు పట్టేవాళ్ళ పల్లె. విమానం నేల విడవకముందే పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, చేపల ధరలు అన్నీ మాట్లాడేసుకున్నాం. విమానం ఎక్కడం ఆవిడకు అదే మొదలు. బెల్టు పెట్టుకోవడం నేర్పుతానని పెద్దరికం చేసి, నా బెల్టు తీసుకెళ్ళి ఆవిడ బెల్టుకి తగిలించాను. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి మా ఇద్దరినీ విడదీసింది. అందరూ సంచులు పైన సర్దుకున్నా నూకరత్నం మాత్రం ఒక గుడ్డసంచిని ఒళ్ళోంచి దించలేదు. గట్టిగా చెబితే కాళ్ళ దగ్గర పెట్టుకుంది గానీ, చెయ్యి మాత్రం దాని మీదే ఉంది.

నాకు ఊరుకునే గుణం లేదు. "ఏముంది అందులో, అంత భద్రంగా పట్టుకున్నావు?" అన్నాను.

"చీరండి. మొక్కు చీర."

"ఖతార్‌లో ఏ గుడికి తీసుకెళ్తున్నావు?"

"గుడికి కాదండి. లైటవుసుకి."

ఆవిడ భర్త ఎల్లాజీ అంతకుముందు ఖతార్‌లో అల్ రువైస్ అనే ఊళ్ళో చేపల పడవ మీద పనిచేసేవాడట. ఒక చలికాలం పొద్దున, వేసిన బుట్టలు తియ్యడానికి చిన్న పడవలో ఒక్కడే వెళ్ళాడు. దట్టమైన మంచు. మధ్యాహ్నం దాటినా తిరిగి రాలేదు. గదిలో ఉండేవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి, మనిషి కనపడడం లేదని చెప్పారు.

"ఫోనట్టుకుని రేవులోకి ఎల్లిపోయానండి" అంది నూకరత్నం. "అప్పుడే మన వాకలపూడి లైటు ఎలిగింది. దానికేసి చూసి మొక్కేసుకున్నాను. అమ్మా, ఆ సముద్రంలో కూడా నీలాంటి లైటు ఏదో ఒకటి ఉండే ఉంటాది. అది నా మనిషికి కనపడితే చాలు, దానికి చీరెట్టి పసుపు కుంకం ఇచ్చుకుంటాను అన్నాను. మర్నాడు ఫోనొచ్చింది. మంచులో దారి తప్పి తిరిగి తిరిగి, రాత్రేళ పడవ రాయికి కొట్టుకుని పగిలిపోతే, ఆయన లైటవుసు నిచ్చెనట్టుకుని ఎక్కేసి బతికాడంట."

ఆ తర్వాత ఎల్లాజీ సముద్రం మానేసి, తనను కాపాడిన అరబ్బు పెద్దమనిషి ఇంట్లోనే డ్రైవర్‌గా కుదిరాడు. మధ్యమధ్య సెలవు మీద ఇంటికి వచ్చి వెళ్ళాడు. మొక్కు చీర మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. ఇంట్లో ఏ చిన్న చెడు జరిగినా అత్తగారు ఆ బీరువా వైపు చూస్తుందట.

"అత్త చూపుకేంలెండి, అలవాటైపోయింది" అంది. "నాకే, ఆయన ఇంటికొచ్చి పక్కన కూకుని అన్నం తింటన్నా, ఇంకా ఆ లైటవుసు దిమ్మ మీదే ఉన్నట్టుంటాది. మొక్కు తీరేదాకా ఆ సముద్రం ఆయన్ని నాకు పూర్తిగా ఇచ్చినట్టు కాదండి."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీలోంచి మబ్బులు చూస్తున్నట్టు నటించాను. కాసేపటికి ఆవిడే నా చెయ్యి తట్టి, "మీకు హిందీ వచ్చా అక్కా?" అంది. మా ఆయన రైల్వే ఉద్యోగం పుణ్యమా అని నాగపూర్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను, బాగానే వచ్చన్నాను.

"అయితే మాతో రండి. ఆ అరబ్బాయనకి హిందీ వచ్చంట. మా ఆయన మాటలు మోసుకెళ్తే సగం దారిలో మింగేత్తాడు."

ఐన్ ఖాలిద్

మా చెల్లెలు పద్మ, మరిది ఐన్ ఖాలిద్‌లో ఉంటారు. దోహాకి దక్షిణాన, మనవైపు కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు. లిఫ్టులో ఇంగువ వాసనను బట్టి ఏ అంతస్తులో తెలుగువాళ్ళున్నారో చెప్పెయ్యొచ్చు. కరివేపాకు ప్లాస్టిక్ పొట్లంలో కొంటారు. నాలుగు రెబ్బలకి పద్మ ఇచ్చిన డబ్బు చూసి, మా పెరట్లో చెట్టుకి ఇంటికెళ్ళగానే దణ్ణం పెట్టాలనుకున్నాను. చాయ్ ఒక్కటే చౌక. కరక్ అంటారు, ఏలకులు వేసి చిక్కగా మరిగిస్తారు. కొట్టు ముందు కారు ఆపి హారన్ కొడితే మనిషే వచ్చి కాగితపు కప్పులు అందిస్తాడు. మా కాకినాడలో ఏ హోటల్ ముందైనా అలా హారన్ కొడితే వచ్చేది చాయ్ కాదు, తిట్లు.

నేను వచ్చిన కొన్నాళ్ళకి ఎల్లాజీ ఫోన్ చేశాడు.

"అమ్మగోరూ, మా ఆడది మిమ్మల్ని రమ్మందంట. తప్పకుండా రండి, మా యజమాని బాబా కూడా సరే అన్నారు. కానీ ఒక్క మాట. చీర సంగతి మాత్రం బాబా కాడ ఎత్తకండి."

"అదేంటి? ఆయన ఒప్పుకున్నారని మీ ఆవిడతో చెప్పావటగా!"

"చెప్పానండి. బాబాకేమో సముద్రం చూడ్డానికి వత్తంది అని చెప్పాను. ఈళ్ళకి దేవుడొక్కడేనండి. ఇనప దిమ్మకి పసుపెడతానంటే మాఫీ అంటారు, అంటే కుదరదంతే. ఉద్యోగం పోతే పోద్ది, మళ్ళీ ఎతుక్కుంటాను. నాకు పేణం పోసిన మనిషండి ఆయన. ఆయన మనసు కష్టపెట్టి నేనెక్కడికెల్తాను? సంచిలో ఉంచే ఒకసారి దణ్ణమెట్టించి ఎనక్కి తెచ్చేద్దామని నా ఆలోచన."

ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. ఆవిడతో ఒక అబద్ధం, ఆయనతో ఒక అబద్ధం, రెంటినీ మొయ్యడానికి మధ్యలో నేను. పద్మ అంతా విని, "ఎవరో తెలియనివాళ్ళ గొడవ నీకెందుకక్కా? మాల్‌కి వెళ్దాం పద" అంది. నాకు మాత్రం ఆ సంచి మీద పెట్టిన చెయ్యే కళ్ళ ముందు ఆడింది. వెళ్తున్నానని చెప్పేశాను.

ఉమ్ సలాల్

గురువారం సాయంత్రం ఎల్లాజీ వచ్చి తీసుకెళ్ళాడు. వల లాగిన భుజాలు, వంచిన తల, మాట తక్కువ. దోహా దాటి కొంచెం ఉత్తరాన ఉమ్ సలాల్‌లో ఉంది వాళ్ళ యజమాని తోట. ఇసుకలో టమాటాలు, దోసకాయలు, ఈత చెట్లలా కనిపించే ఖర్జూర చెట్లు, ఒక పక్క మేకల దొడ్డి. దొడ్డి వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. దోహాలో నాకు అసలు వాసనలే తగల్లేదు.

యజమానిని అబూ నాసర్ అంటారు, అంటే నాసర్ తండ్రి అని. పెద్దవాళ్ళని పెద్దకొడుకు పేరు పెట్టి పిలవడం అక్కడ మర్యాదట. మనం 'బుజ్జిగాడి అమ్మా' అని పిలవమూ, అలాగే. ఇంట్లో పనిచేసేవాళ్ళందరికీ ఆయన బాబా. ఒకప్పుడు నౌఖదా, అంటే పడవకి పెద్ద. పడుచువాడిగా ఉన్నప్పుడు కొయ్య పడవల మీద బొంబాయి వచ్చి వెళ్ళేవాడట. ఆయన హిందీలో బొంబాయి రేవు ఇంకా వినిపిస్తుంది.

అక్కడ నా పరువు పోయింది. చెవి లేని చిన్న కప్పులో ఆయన స్వయంగా కాఫీ పోసిచ్చారు. పాలు లేవు, పంచదార లేదు, కుంకుమపువ్వు, ఏలకుల వాసన. వద్దంటే ఏమనుకుంటారోనని గటగటా తాగేశాను. మళ్ళీ పోశారు. మళ్ళీ తాగాను. ఎంత తాగినా పోస్తూనే ఉన్నారు, పెద్దమనిషి ఓపికకి నాకే జాలేసింది. చివరికి వెనకాల నిలబడ్డ ఎల్లాజీ, కప్పు అటూ ఇటూ ఊపమని చేత్తో సైగ చేశాడు. ఊపితే చాలు అని అర్థమట. మనవైపు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ రాత్రి నాకు కునుకు పడితే ఒట్టు.

నూకరత్నాన్ని ఆయన బేటీ అని పిలిచారు. "నా ఖర్జూరాలన్నీ నీ మొగుడే తినేశాడు, చెప్పాడా?" అని నవ్వారు. నేను తెలుగులో చెప్పగానే ఆవిడ చటుక్కున వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన కంగారుగా వెనక్కి జరిగి, "నహీ, నహీ! అల్లాకి చెప్పు" అని పైకి చూపించారు. ఎల్లాజీ నా వైపు చూశాడు. నేను చెప్పానా, అన్నట్టుంది ఆ చూపు.

అల్ రువైస్

శుక్రవారం పొద్దున్నే ఉత్తరానికి బయల్దేరాం. దారి పొడుగునా చదునైన నేల, మధ్యమధ్య ఒంటె ముఖాలు. దారి అయిపోయిన చోట అల్ రువైస్. చిన్న రేవు, కట్టేసిన కొయ్య పడవలు, గుమ్మటాల్లా అల్లిన తీగ బుట్టలు గుట్టలు గుట్టలుగా. ఆ బుట్టలు సముద్రం అడుగున దించి చేపలు పడతారు. మన వలలతో పోలిస్తే ఇది సోమరి వేట అని నూకరత్నం తీర్పిచ్చింది.

గాలి మాత్రం చెంప మీద కొట్టినట్టు వీస్తోంది. షమాల్ అంటారు, ఉత్తరపు గాలి. బాబా రేవులో నిలబడి నీళ్ళు చూసి, "ఈరోజు కాదు. రేపు చూద్దాం" అన్నారు. నూకరత్నం తిరుగు విమానం ఆదివారం. ఆవిడ సంచిని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

పొద్దు గడపడానికి చేపల బజారుకి వెళ్ళాం. అక్కడ నూకరత్నం మనిషే మారిపోయింది. ప్రతి చేప మొప్పా ఎత్తి చూసి, ఒక బంగ్లాదేశ్ అమ్మకందారుని తెలుగులోనే దులిపేసింది. అతను బెంగాలీలో జవాబిచ్చాడు. ఇద్దరికీ అంతా అర్థమయినట్టే ఉంది, ధర తగ్గింది. నేను మాత్రం నీళ్ళు వెనక్కి తీసిన ఒడ్డున గవ్వలు ఏరబోయి, బురదలో ఒక కొత్త చెప్పు పోగొట్టుకున్నాను. ఆ రోజంతా బాబా వాళ్ళింటి రబ్బరు చెప్పులే గతి.

రేవు దగ్గరే వాళ్ళ పాత ఇల్లుంది. మధ్యాహ్నం ఒకే పెద్ద పళ్ళెంలో చేప, మసాలా అన్నం కలిపిన మచ్‌బూస్ వచ్చింది. దాంతో పాటు రగాగ్ అనే పల్చటి రొట్టె. మన ఆత్రేయపురం పూతరేకు మీద గుడ్డు కొట్టి కాల్చారేమో అనిపించేంత పల్చన. తింటుంటే బాబా ఆ దీపం కథ చెప్పారు.

రువైస్‌కి ఎదురుగా సముద్రంలో నీళ్ళ కిందే దాక్కున్న రాతి దిబ్బ ఒకటి ఉంది. అలాంటి దిబ్బని వాళ్ళు ఫష్త్ అంటారు. బాబా కుటుంబం దానికి పెట్టుకున్న పేరుకి అర్థం దవడపన్ను. నీళ్ళు ఎక్కువున్నప్పుడు కనపడదు, తక్కువున్నప్పుడు కొరికేస్తుంది. ముత్యాల కోసం మునిగే రోజుల్లో దాని మీద ఖర్జూరపు మాను పాతి, పైన లాంతరు కట్టేవారట. చమురు పోసి వెలిగించే పని ఊళ్ళో కుటుంబాలు వంతులేసుకునేవి. ఒకసారి ఒక ఇంట్లో పెళ్ళి వచ్చి ఆ వంతువాళ్ళు వెళ్ళలేదు. ఆ రాత్రే ముత్యాల పడవ ఒకటి దిబ్బకి కొట్టుకుంది. కొందరు ఈది ఆ మాను పట్టుకున్నారు. మునిగి చావలేదు వాళ్ళు. గాలి తగ్గి పడవలు వెళ్ళేసరికి దాహంతో పోయారు.

"అప్పటి నుంచి మా తాత, లాంతరుతో పాటు తోలు సంచిలో నీళ్ళు, ఖర్జూరాలు కట్టి వచ్చేవాడు" అన్నారు బాబా. "దీపం దారి చూపిస్తుంది బహెన్, దాహం తీర్చదు కదా."

ఆ తర్వాత మాను పోయి ఇనుప స్తంభం వచ్చింది. గ్యాసు దీపం పెట్టారు, సిలిండర్లు మార్చే పని బాబా తండ్రిది. ఇప్పుడు ఎండతో దానంతటదే వెలిగే దీపం. ఎవరూ వెళ్ళక్కర్లేదు. పడవలవాళ్ళు ఫోన్‌లోనే దారి చూసుకుంటున్నారు. నీళ్ళు, ఖర్జూరాలు పెట్టే ఆనవాయితీ కూడా ఒక్కొక్క ఇంట్లో ఆగిపోయింది. బాబా మాత్రం మానలేదు. అలా పెట్టడానికి వెళ్ళినప్పుడే, స్తంభానికి కరుచుకుని ఉన్న ఎల్లాజీ కనపడ్డాడు.

కథ అంతా నేను తెలుగులో చెబుతుంటే నూకరత్నం ముద్ద చేతిలో పట్టుకుని వింటూ ఉండిపోయింది. బాబా ఆవిడ పళ్ళెం వైపు ఇంకో చేప ముక్క తోసి, "రేపు గాలి తగ్గుతుంది. నీకు సముద్రం చూపిస్తాను, ఫొటో తీయించుకుందువు గాని" అన్నారు. నేను ఆలోచించకుండా అదే తెలుగులో చెప్పేశాను.

"సముద్రం చూడ్డానికి నేనెందుకొత్తానండి?" అంది ఆవిడ. "మా ఇంటి గోడకే కొడతాది సముద్రం!"

తర్వాత మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. ఎల్లాజీ తల ఎత్తలేదు. ఆవిడకు అంతా అర్థమైపోయింది. బాబా ఏమందని అడిగితే, "వాళ్ళ ఊళ్ళో కూడా సముద్రం ఉందట" అని నీళ్ళు నమిలాను. మింగడంలో ఎల్లాజీకి నేనేం తీసిపోలేదు.

భోజనాలయ్యాక పెరటి గోడ దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారు. నాకు వినపడకూడదని వాళ్ళూ అనుకోలేదు, వినకూడదని నేనూ అనుకోలేదు.

"దొంగతనంగా దణ్ణమెట్టి చీర ఎనక్కి తెచ్చుకోవాలా? అది మొక్కు తీర్చినట్టా, ఎగ్గొట్టినట్టా?" అంది నూకరత్నం.

"ఆయన మొకం చూసి ఎలా అడగమంటావే?"

"నువ్వడక్కు. నేనడుగుతాను. ఆయన వద్దంటే ఆయన మొకం మీదే వద్దనిపించుకుంటాను. నువ్వు మింగిన మాట కన్నా ఆయన అన్న మాట నయం."

ఎల్లాజీ గోడకి ఆనుకున్నాడు. చివరికి, "నీ ఇష్టం" అన్నాడు. నాకు ఆ ఇద్దరి మీదా ఒకేసారి ప్రేమ పుట్టింది. రేపు ఆవిడ నోటి మాట ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పాలని నిర్ణయించుకున్నాను.

దవడపన్ను

శనివారం సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. అయినా నా కడుపులో మచ్‌బూస్ మాత్రం షమాల్ గాలికి ఊగుతూనే ఉంది. పడవ నడిపేది బాబా, లంగరు దగ్గర ఎల్లాజీ. నీళ్ళ క్యాన్లు, ఖర్జూరాల డబ్బా మా కాళ్ళ దగ్గర. చాలా దూరం వెళ్ళాక ముదురు నీలంగా ఉన్న నీళ్ళు ఒక్కసారిగా లేత ఆకుపచ్చకి తిరిగాయి. అదే దిబ్బ. దాని మధ్యలో సిమెంటు దిమ్మ, నాలుగు ఇనుప కాళ్ళు, ఒక నిచ్చెన, సగం ఎత్తులో చిన్న అరుగు, దాని మీద నీళ్ళు, ఖర్జూరాలు ఉంచే రేకు పెట్టె. పైన మా ఇంటి గీజరు అంత దీపం. నేను ఊహించుకున్నది తెల్లటి పెద్ద బురుజు. ఇంత చిన్నదాన్ని పట్టుకునా ఒక మనిషి బతికాడు అనిపించింది.

బాబా ఇంజను ఆపి, రెండు చేతులూ చాచి, ఆ దిబ్బ మీద పోయినవాళ్ళ కోసం ఏదో చదువుకున్నారు. మేమూ తలలు వంచుకున్నాం. ఆయన చేతులు దించేదాకా ఆగి, నూకరత్నం సంచి విప్పింది. పసుపు పొట్లం, కుంకుమ పొట్లం, మడత పెట్టిన ఎర్ర నేత చీర.

"యే క్యా హై?" అన్నారు బాబా.

ఎల్లాజీ లంగరు తాడు గట్టిగా పట్టుకున్నాడు. నూకరత్నం నా వైపు చూసి, "చెప్పండక్కా" అంది. వాకలపూడి దీపాన్ని చూసి మొక్కుకోవడం దగ్గర నుంచి, భర్తని సముద్రం తనకు ఇంకా పూర్తిగా ఇవ్వలేదన్న మాట దాకా అంతా చెప్పాను.

బాబా మొహం గంభీరమైపోయింది. కోపం లేదు గానీ, తలుపు వేసినట్టుంది. "బేటీ, ఇది ఇనుము. గవర్నమెంటు ఇనుము. బతికించింది అల్లా. ఇనుముకి ఇవ్వడం, దానికి మొక్కడం మాకు లేదు. నా పడవ మీద నేను అది చేయనివ్వలేను" అన్నారు.

చెప్పాను. నూకరత్నం చీరని గుండెకి ఆనించుకుని ఆ స్తంభాన్ని అలా చూస్తూ కూర్చుంది. పడవ కింద నీళ్ళు టపటపా కొట్టుకుంటున్నాయి. ఇక తిరిగి వెళ్ళడమే అనుకున్నాను. ఆ చూపు బాబాకి కూడా భరించరానిదైందేమో, నీళ్ళ క్యాన్లు సర్దుతూ, మాట మార్చడానికన్నట్టు ఎల్లాజీని అడిగారు.

"ఆ రోజు నీళ్ళు ఉన్నాయి, ఖర్జూరాలు ఉన్నాయి. ఇంకేం లేక ఇబ్బంది పడ్డావు? ఎప్పుడూ అడగలేదు నేను."

ఎల్లాజీ హిందీలో మొదలుపెట్టి, రెండు మాటలకే తెలుగులోకి వచ్చేశాడు. పెళ్ళానికి కూడా ఎప్పుడూ చెప్పలేదట ఆ మాట.

"గుడ్డ లేదండి. పొద్దున్న మంచు తీశాక పడవలు ఎల్తా కనపడ్డాయి. కానీ ఈ లైటు డ్యూటీ ఏంటి? దగ్గరికి రాకండి, పొండి అని చెప్పడమే కదా. దీన్ని చూసినోడల్లా దూరంగానే పోయాడు. చొక్కా ఇప్పి ఊపాను. కంపెనీ చొక్కా, ముదురు నీలం. నీళ్ళలో నీళ్ళలాగే ఉంది, ఎవడికీ కనపడలేదు. అరిచి అరిచి గొంతు పోయింది. అందరికీ లైటు కనపడింది, నేనొక్కణ్ణే కనపళ్ళేదు."

నూకరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఎలా చెప్పానో తెలియదు, బాబాకి ఆ మాటలు అందించాను. ఆయన క్యాను కింద పెట్టేశారు. స్తంభం వైపు, దూరంగా పోతున్న ఒక పడవ వైపు, మళ్ళీ స్తంభం వైపు చూశారు.

"మా తాత నీళ్ళు పెట్టాడు" అన్నారు చివరికి. "మా నాన్న ఖర్జూరాలు మానలేదు. ఇన్నేళ్ళలో ఒక్కడికీ గుడ్డ సంగతి తట్టలేదు." నూకరత్నం ఒళ్ళోకి వేలు చూపించారు. "ఎంత పొడుగుంటుంది అది?"

"ఆరు గజాలు" అన్నాను.

"ఎరుపు. మంచి ఎరుపు. దూరం నుంచి కనపడుతుంది." గెడ్డం నిమురుకున్నారు. "బేటీకి చెప్పు. దీపానికి ఇస్తానంటే నేను ఒప్పుకోను. దీపం దగ్గర చిక్కుకున్న మనిషికి ఇస్తానంటే, నేనే పెట్టె తెరవమంటాను."

నేను చెప్పగానే నూకరత్నం చీర మడత సవరించింది. "ఆ దీపం ఎవరి కోసం ఉందో, వాళ్ళకే ఇత్తానని చెప్పండి" అంది.

పసుపు పొట్లం విప్పి చీర నాలుగు మూలలకీ అంటించబోతే బాబా మళ్ళీ కనుబొమలు ఎగరేశారు. కొత్త గుడ్డకి పసుపు పెట్టకుండా మేం ఎవరికీ ఇవ్వమని చెప్పాను. ఆయన చిటికెడు తీసుకుని వాసన చూసి, "ఇదా! నిన్న నువ్వు తిన్న అన్నంలో కూడా ఉంది" అన్నారు. మూడు రోజుల్లో మొదటిసారి ఎల్లాజీ నవ్వాడు. కుంకుమ మాత్రం ఆవిడ ఇనుము దాకా తీసుకెళ్ళలేదు. తను పెట్టుకుని, నాకు పెట్టి, పొట్లం కట్టేసింది.

చీర తడవకుండా బాబా ఖర్జూరాల ప్లాస్టిక్ సంచి ఖాళీ చేసి ఇచ్చారు. నిచ్చెన మీద నాచు ఉంది, ఎల్లాజీ తను పెట్టి వస్తానన్నాడు. నూకరత్నం వినలేదు. కుచ్చెళ్ళు పైకి దోపి, సంచి మెళ్ళో వేసుకుని ఎక్కేసింది. కిందనుంచి ఎల్లాజీ ఒక్కొక్క మెట్టూ చెబుతూ ఉన్నాడు, ఇక్కడ కాలెట్టు, ఇది ఊగుద్ది, దాన్నట్టుకోకు, అని. ఆ రాత్రి తను చీకట్లో ఎక్కిన మెట్లవి. నేను పడవ అంచు పట్టుకుని ఒకపక్క వాంతి ఆపుకుంటూ, ఇంకోపక్క కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆవిడ పెట్టె తెరిచి పాత నీళ్ళు తీసి, కొత్త క్యాన్లు అందుకుని, ఖర్జూరాలు సర్ది, అన్నిటికన్నా పైన చీర పెట్టింది. మూత వేసి, ఆ అరుగు మీద మోకాళ్ళు ముడుచుకుని కాసేపు కూర్చుంది. భర్త కూర్చున్న చోటు అదే. దిగాక ఆవిడ వెళ్ళి మొగుడి పక్కన ఆనుకుని కూర్చుంది. అందరి ముందూ అలా కూర్చోవడం మనవైపు ఆడవాళ్ళకు అలవాటు లేని పని, అయినా కూర్చుంది.

పడవ ఆకుపచ్చ నీళ్ళు దాటి నీలంలోకి వచ్చాక బాబా చుక్కాని పట్టుకునే వెనక్కి తిరిగారు. "మీ దేశంలో అమ్మవారికి చీర పెడతారు కదా, బొంబాయిలో చూశాను. పెట్టేటప్పుడు ఏమని అడుగుతారు?"

నేను అడిగాను. నూకరత్నం వెనక చిన్నదైపోతున్న స్తంభాన్నే చూస్తూ జవాబిచ్చింది.

"ఏ తల్లికి చీరెట్టినా, కట్టుకోమ్మా అనే పెడతామండి. ఈ చీర మడత మాత్రం ఎప్పటికీ ఎవరికీ ఇప్పే పని పడకూడదమ్మా అని పెట్టి వచ్చాను."